జానయ్య బరువు

కొలిచేటప్పుడు ఎవరి పొట్ట చూసీ నవ్వకూడదని శ్యామ్ ముందే చెప్పాడు. అంకె పైకి చదవకూడదు. ఎక్కువనో తక్కువనో మొహం పెట్టకూడదు. ఎవరు ఏ కేసులో వచ్చారో అడగకూడదు. లోపల చూసింది గేటు బయటికి మోయకూడదు. కరుణ అన్నిటికీ తల ఊపింది. బడుల్లో పిల్లల్ని, అంగన్‌వాడీల్లో బాలింతల్ని తూచీ తూచీ చేయి తిరిగిన మనిషి ఆమె. జైలు కొత్త గానీ తూకం కొత్త కాదు.

జైళ్లలో ఉన్నవాళ్లలో ఎంతమందికి ఒళ్లు ఎక్కువగా ఉందో, ఎంతమందికి మితిమీరి ఉందో తేల్చడం వాళ్ల పని. బయటి జనానికి ఇలాంటి లెక్కలు ఉన్నాయి. లోపలి జనం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పనికి వచ్చింది ఇద్దరే. శ్యామ్ వాళ్లు కోస్తా నుంచి వచ్చి తుర్కయాంజాల్‌లో స్థిరపడ్డారు; ప్రజారోగ్యం చదివాడు, ఈ సర్వేకి అతనే పెద్ద. కరుణది అక్కడికి దగ్గర్లోని మన్నెగూడ. బరువూ ఎత్తూ ఆమె చూస్తుంది. మగవాళ్ల నడుము చుట్టుకొలత కాబట్టి టేపు శ్యామ్ పట్టుకుంటాడు. ఒకరు తూచిన మనిషిని ఇంకొకరు కొలుస్తారు. పని తొందరగా తెములుతుంది.

వరండా నేల వాలుగా ఉంది. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి చూసుకుంటూ కరుణ తూకం మిషన్‌ని అటూ ఇటూ జరిపి, చివరికి వంటశాల గోడ పక్కన సమంగా ఉన్న ఒక షాబాదు బండ మీద నిలబెట్టింది. ఎత్తు కొలిచే కర్రను గోడకు ఆనించింది. వరస కదిలింది. చెప్పులు విడవడం, జేబులో బీడీలు, అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టడం, మిషన్ ఎక్కడం, దిగి కర్రకు మడమలు ఆనించి నిలబడడం. తూకమేసి మమ్మల్ని ఎవరికి అమ్ముతరు మేడం అని ఒకడు అడిగితే వరసంతా నవ్వింది.

హెడ్ వార్డరు ఇమ్మానుయేలు బెంచీ మీద కూర్చుని వక్కపలుకులు నములుతూ, లావున్నోనికి ఆదివారం కోడికూర బందు, బక్కోనికి రోజూ గుడ్డు అని ఊరికే అన్నాడు. ఆ మాట వరస చివరిదాకా పాకింది. అప్పటినుంచి పొట్టలున్నవాళ్లు టేపు దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టారు. బక్కవాళ్లు భుజాలు వంచి ఇంకా బక్కగా నిలబడ్డారు. గాలి వదలండి బాబూ, గాలి వదలండి అని శ్యామ్ బతిమాలుకుంటున్నాడు. అందరి చేతా చొక్కాలు విప్పించాలంటే పొద్దు చాలదు. పల్చటి చొక్కా అయితే పైనుంచే కొలిచేస్తున్నాడు.

జానయ్య వరసలో నడిమికి వచ్చాడు. కరుణ పొద్దున్నుంచీ అతని కోసమే ఒక కన్ను అటు వేసి ఉంచింది. ఇంటి పక్క మనిషి, చిన్నప్పటినుంచీ పెద్దబాపు. మన్నెగూడ దగ్గర అతని చేనులో ప్లాట్ల వ్యాపారి బాలేష్ హద్దురాళ్లు పాతించాడు. జానయ్య రాళ్లు పెరికాడు, అడ్డం వచ్చినవాడి మీద పార ఎత్తాడు. హత్యాయత్నం కేసు పెట్టారు. ఎండాకాలం నుంచి లోపలే ఉన్నాడు. ఒకసారి బెయిలు కొట్టేశారు. లోపల కక్కుకుంటున్నాడనీ, తిండి సయించడం లేదనీ మధ్యలో కబురు వస్తే, ఆరోగ్యం బాగాలేదన్న కారణం మీద మళ్లీ బెయిలు అడగాలని అతని భార్య సుక్కమ్మ వకీలు దగ్గర కాగితాలు సిద్ధం చేయించింది. నువ్వు లోపలికే పోతున్నవు గద, జర మీ పెద్దబాపును కండ్లార చూసి రా అని రాత్రి కరుణ చేతులు పట్టుకుంది.

కరుణ కళ్లారా చూసింది. చూసి గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. కొవ్వు లేని గట్టి ఒంటి మనిషికి బుగ్గలు వచ్చాయి. మెడ నిండింది. పూల చొక్కా గుండీలు పొట్ట దగ్గర లాగుతున్నాయి. మిషన్ ఎక్కితే డెబ్బయి నాలుగు దాటింది. జైలుకి వచ్చిన రోజు తూకం అరవై ఆరు అని అతని కార్డు మీద ఉంది.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వకూడదన్న మాట గుర్తొచ్చింది గానీ ఆగలేదు.

"జైలు కూడు మస్తు పట్టింది పెద్దబాపు నీకు," అంది గొంతు తగ్గించి.

జానయ్య కూడా నవ్వాడు. "మంచిగున్ననని చెప్పు బిడ్డా మీ పెద్దమ్మకు."

దిగేటప్పుడు అతను గోడ పట్టుకున్నాడు. కరుణ అది చూసింది. చూసి, వయసు అనుకుంది. అప్పటికే వెనక మనిషి చెప్పులు విడుస్తున్నాడు.

సాయంత్రం షేర్ ఆటో దిగేసరికి మన్నెగూడ చౌరస్తాలో సుక్కమ్మ కంకుల పొయ్యి ముందు కూర్చుని ఉంది. పాత ఇనుప తట్టలో బొగ్గులు, ఒక చేత విసనకర్ర, ఇంకో చేత కంకి. ఆకులు ఒలిచి, పీచు తీసి, బొగ్గుల మీద పెట్టి, గింజ చిట్లకముందే తిప్పుతుంది. నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది రుద్దుతుంది. కార్లు ఆపి కొనేవాళ్లు ఎక్కువ. ఆమె కళ్లు మాత్రం ఆటోలు ఆగే చోటనే ఉన్నాయి.

కరుణ చెప్పింది. ఎనిమిది కిలోలు పెరిగాడని చెప్పింది. సర్వే లెక్కలో అతను లావు ఎక్కువున్నవాళ్ల కింద పడతాడని కూడా చెప్పింది. సుక్కమ్మ చేతిలో విసనకర్ర ఆగింది.

"ఒట్టు?"

"నేనే తూసిన పెద్దమ్మ. మిషన్ అబద్ధం చెప్తదా?"

సుక్కమ్మ మొహం విచ్చుకుంది. తనకీ అట్లాగే అనిపించిందట. ములాఖత్‌లో అద్దం అవతల, ఇనుప జాలీ వెనక, మొహం మసకగానే కనపడుతుంది. అయినా రెండు వారాల కింద పోయినప్పుడు బుగ్గలు వచ్చినట్టు కనిపించి, అరెస్టు తర్వాత మొదటిసారి నవ్విందట. కరుణ తల చుట్టూ చేతులు తిప్పి కణతల దగ్గర మెటికలు విరిచింది. లేతగా ఉన్న కంకి ఏరి కాల్చి చేతిలో పెట్టింది. తర్వాత, రోడ్డు అవతల బాలేష్ ప్లాట్ల ఆఫీసు ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లకు వినపడేట్టు, గొంతు పెంచింది.

"నా మొగన్ని లోపల ఏసి ఎండబెడ్తమనుకున్నరు. మంచిగ బలిసిండు. సర్కారు మేపుతాంది."

కంకులు కొనడానికి ఆగిన జంట ఒకటి మొహాలు చూసుకుంది. కరుణ కంకి కొరుకుతూ నవ్వింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ ఇబ్రహీంపట్నం కోర్టు ఎదుటి జిరాక్స్ షాపు మీద ఉన్న వకీలు జగదీశ్వర్ గదికి పోయారు. కాగితాలు తయారుగా ఉన్నాయి, ఆ రోజే వేయాలి. సుక్కమ్మ కూర్చోకుండానే వద్దంది. మనిషి మంచిగున్నాడు, రోగమని రాయొద్దు అంది. వకీలు కరుణ వైపు చూసి, నువ్వు చూసినవా అని అడిగాడు. చూసినన్నది. ఎంత పెరిగాడో చెప్పింది. లోపల చూసింది బయట చెప్పకూడదన్న మాట అప్పుడు ఒకసారి గుర్తొచ్చింది. అయినా మంచి మాటే కదా అనుకుంది.

జగదీశ్వర్ కాగితాల మీద చేయి వేశాడు. మంచి వకీలే, పేదవాళ్ల దగ్గర మాట తేలిగ్గా మాట్లాడడు. ఎనిమిది కిలోలు పెరిగిన మనిషికి జబ్బు అని చెబితే సర్కారు వకీలు, పీపీ సారు, జైలు కార్డు తీసి జడ్జి ముందు పెడతాడు, ఈసారి కూడా కొట్టేస్తే ఇంకోసారి అడగడానికి మొహం ఉండదు అన్నాడు. వేరే కారణాల మీద అడగొచ్చు గానీ దానికి జర టైం పడుతుంది, పండగ తర్వాత చూద్దామా అన్నాడు.

"చూద్దాం సారు," అంది సుక్కమ్మ. "మంచిగున్నోన్ని రోగముందని రాసుడు ఎందుకు? రాసింది తగుల్తది మనిషికి."

దానికి జగదీశ్వర్ నవ్వలేదు. అతని తల్లీ అట్లాంటి మాటే అనేది కాబోలు. కాగితాలు మడిచి సొరుగులో పెట్టాడు. మెట్లు దిగుతూ సుక్కమ్మ కొంగు సర్దుకుని, గండం గడిచినట్టు గాలి పీల్చుకుంది. కరుణకు కూడా ఒక మంచి పని చేసినట్టే ఉంది.

వినాయక నిమజ్జనం దగ్గరపడ్డాక, వారం తిరక్కముందే, మళ్లీ అదే జైలుకి వెళ్లారు. తూచినవాళ్లలో కొందరిని ఏరి రెండోసారి తూచాలి. మొదటిసారి పని సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి అది పద్ధతి. అందులో ఇంకో నియమం: చేతులు మారాలి. ఈసారి శ్యామ్ తూస్తాడు, కరుణ టేపు పట్టుకుంటుంది. పక్కన ఇమ్మానుయేలు నిలబడతాడు.

ఏరినవాళ్లలో జానయ్య పేరుంది.

అతను మిషన్ ఎక్కాడు. శ్యామ్ అంకె చూసి, దిగమని, మళ్లీ ఎక్కమన్నాడు. పాత అంకె తీసి పక్కన పెట్టుకున్నాడు.

"నాలుగు కిలోలు తేడా వస్తోందండి," అన్నాడు కరుణతో. "మొన్న మీరేమైనా తొందరలో చూశారేమో."

"నేను మంచిగనే చూసిన సార్."

"ఆరు రోజుల్లో నాలుగు కిలోలు ఎవరూ పెరగరండి. తప్పు మిషన్‌దైనా కావాలి, మనదైనా కావాలి."

అతను కోప్పడలేదు. పనిలో పడ్డాడు. మిషన్‌ని పక్కకి తీసి రసమట్టం పెట్టి చూశాడు. సరిగ్గానే ఉంది. సంచిలోంచి ఇనుప గుండ్లు తీసి ఒక్కొక్కటే పెట్టాడు. సరిగ్గానే ఉంది. వంటశాల నుంచి కొత్త నీళ్ల క్యాను మోయించి తెప్పించి దాన్నీ పెట్టాడు. చివరికి తనే ఎక్కాడు, కరుణని ఎక్కించాడు, నవ్వుతున్న ఇమ్మానుయేలుని బెల్టు తీయించి ఎక్కించాడు. ఎవరి బరువు వాళ్లకు తెలిసినంతే వచ్చింది. ఇదంతా జరుగుతున్నంతసేపూ జానయ్య వంటశాల మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నోరు కొంచెం తెరిచి ఊపిరి తీస్తున్నాడు. తన వల్ల ఏదో ఆలస్యమవుతోందని చిన్నబోయి చూస్తున్నాడు.

"నడుం చూడండి," అన్నాడు శ్యామ్. "అదీ తేడా వస్తే పాతదంతా మళ్లీ తూచాలి."

కరుణ టేపు మెడలో వేసుకుని జానయ్య ముందు వంగింది. ఈసారి నియమం ప్రకారం చొక్కా ఎత్తింది. చివరి పక్కటెముక ఎక్కడుందో వేలితో వెతకాలి, కింద తుంటి ఎముక వెతకాలి, ఆ రెంటి నడిమి చోట టేపు తిప్పాలి. ఆమె వేలికి పక్కటెముక తగల్లేదు. ఇంకొంచెం నొక్కింది. వేలు లోపలికి పోయింది, బాగా నానిన పిండిలోకి పోయినట్టు. ఎముక ఎక్కడో అడుగున తగిలింది. వేలు తీసింది. గుంట అట్లాగే ఉంది. పక్కన ఇంకో వేలు పెట్టింది. అక్కడా గుంట పడింది. రెండు గుంటలూ పూడడం లేదు.

ఆమె చూపు కిందికి దిగింది. లుంగీ ముడి పైన, నడుం చుట్టూ, తాడు మందాన నల్లటి గీత. ఒకచోట పచ్చిగా, చీము పట్టి ఉంది. అక్కడ ఉండాల్సింది లేదు.

"పెద్దబాపు, మొలతాడేది?"

జానయ్య చప్పున చొక్కా కిందికి లాక్కున్నాడు. తెగింది అన్నాడు.

"ఏడ తెగింది," అన్నాడు ఇమ్మానుయేలు వెనకనుంచి. "ఒంట్లకు దిగబడింది మేడం. రాత్రంతా మొత్తుకుంటుంటే మొన్న మంగలాయన కత్తెర తెచ్చి నేనే కోసిన. లావైతాండు గద, తాడు సాలలేదు."

వాళ్ల ఇళ్లలో మగవాడి మొలతాడు తెంపేది భార్య పోయిన రోజున. కరుణకి అది తెలుసు. ఇమ్మానుయేలుకి తెలుసో తెలియదో. జానయ్య రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

"మీ పెద్దమ్మకు చెప్పకు బిడ్డా," అన్నాడు. "ఆమె ఉండంగనే తీపిచ్చుకున్నడని తెలిస్తే ఆమె పానం ఏమైతది."

"గది కాదు పెద్దబాపు. ఎన్నడి సంది ఉన్నది నీకీ వాపు?"

జానయ్య చొక్కా అంచు ఇంకా కిందికి గుంజుకున్నాడు. మళ్లీ అడిగితే, బోనాల సంది అన్నాడు. ముందు కాళ్లకి వచ్చిందట. పొద్దున మొహానికి, సాయంత్రం కాళ్లకి. ఒంటేలు నురుగు నురుగుగా, అదీ కొంచెం కొంచెంగా వచ్చేదట. నీళ్లు పట్టినయని తనకి తెలుసట.

"తెలిస్తే చెప్పవా? డాక్టరు వస్తడు గద ఇక్కడికి."

"చెప్తమనే అనుకున్న. మొకం ఉబ్బిన వారమే ములాఖత్‌కు మీ పెద్దమ్మ వచ్చింది. నన్ను చూసి నవ్వింది. బుగ్గలొచ్చినయ్ అన్నది." అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "అన్ని నెలల్ల ఒక్కపాలి నవ్వింది బిడ్డా. ఎట్ల చెప్త నేను?"

శ్యామ్ మిషన్ దగ్గర నుంచి లేచి వచ్చాడు. జానయ్య ముందు నేల మీద గొంతుక్కూర్చుని, లుంగీ కాస్త జరిపి, మోకాటి కింద ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. కాసేపు అట్లాగే పట్టుకుని తీశాడు. బొటనవేలు మొత్తం పట్టేంత గుంట. అతను ఆ గుంటని చూస్తూ ఉండిపోయాడు.

"వాపున్నవాళ్లని లెక్కలోంచి తీసేయాలండి," అన్నాడు. "అది సర్వే నియమాల మొదటి పేజీలోనే ఉంటుంది. వాపు ఉందో లేదో ముందు చూడమని. మొన్న ఈయన నడుం నేనే కొలిచాను. చొక్కా మీంచి."

కరుణ టేపు మెడలోంచి తీసి చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిన టేపు మళ్లీ విప్పింది, మళ్లీ చుట్టింది. ఆమె కళ్లముందు జగదీశ్వర్ గదిలో సొరుగు మూసుకుంటోంది.

ఇమ్మానుయేలు నవ్వు ఎప్పుడో పోయింది. డాక్టరుకి ఫోను చేశాడు, జైలర్ గదికి పరుగెత్తాడు. పెద్దాసుపత్రికి పంపమన్నారు. పంపాలంటే ఎస్కార్టు పోలీసులు రావాలి. వాళ్లందరూ నిమజ్జనం బందోబస్తులో ఉన్నారు. రేపు పొద్దున దాకా ఎవరూ లేరట. ఆ రాత్రి జానయ్య గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయాడనీ, పడుకుంటే ఊపిరి ఆడలేదనీ, తానే పక్కన కూర్చున్నాననీ ఇమ్మానుయేలు తర్వాత చెప్పాడు.

సుక్కమ్మకు ఎట్లా చెప్పాలో కరుణ దారంతా అనుకుంటూనే వచ్చింది. తీరా పొయ్యి ముందు నిలబడితే అనుకున్నదేదీ రాలేదు. పెద్దబాపుకు ఒంట్లో నీరు పట్టింది, అది బలుపు కాదు అని ఉన్నదున్నట్టు అనేసింది. మొలతాడు సంగతి మాత్రం చెప్పలేదు. సుక్కమ్మ కంకి తిప్పుతూనే ఉంది.

"నోరు మంచిగ పెట్టుకో కరుణ. మొన్న నువ్వే గద మంచిగున్నడంటివి."

"మొన్న నేను ముట్టి చూడలే పెద్దమ్మ."

"మిషన్ అబద్ధం చెప్పదంటివి."

మిషన్ నిజమే చెప్పింది. ఆ మాట ఇప్పుడు ఎట్లా అనగలదు. సుక్కమ్మ చేతిలో కంకి ఒక పక్క నల్లగా మాడిపోయింది. ఆమె దాన్ని బొగ్గుల మీద అట్లాగే వదిలేసి, నీళ్ల చెంబు ఎత్తి పొయ్యి మీద పోసింది. బుస్సుమని పొగ లేచింది. రోడ్డు అవతల కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఇటు తిరిగి చూశారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు. తట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుని, కరుణతో ఒక్క మాటయినా మాట్లాడకుండా ఇంటి దారి పట్టింది.

తర్వాతి రెండు రోజులూ శ్యామూ కరుణా జైల్లోనే గడిపారు. ఎవరూ చెప్పకపోయినా తూచినవాళ్లందరినీ మళ్లీ పిలిపించి, నేల మీద కూర్చుని, ఒక్కొక్కరి కాలు నొక్కి చూశారు. ఈసారి వరసలో జోకులు లేవు. లావున్నవాళ్లలో నిజంగా లావున్నవాళ్లే ఎక్కువ. పొద్దు గూకకముందే అన్నం పెట్టి తలుపు వేస్తారు, కదలడానికి చోటు లేదు, ఒళ్లు రాక ఏం చేస్తుంది. కానీ వాళ్ల నడుమ ఇంకొందరి కాళ్ల మీద గుంటలు పడ్డాయి. ఒక్కొక్క గుంట పడినప్పుడల్లా శ్యామ్ తల ఎత్తి కరుణ మొహం చూసేవాడు. ఆ మనుషులు మాత్రం ఆశగా, తగ్గిన్నా సార్ అని అడిగేవాళ్లు. కోడికూర బందవుతుందన్న భయం వాళ్లకి ఇంకా పోలేదు.

ఆసుపత్రిలో జానయ్యని చూడనివ్వడానికి కోర్టు నుంచి కాగితం తేవాల్సి వచ్చింది. జగదీశ్వర్ దానికీ తిరిగాడు, బెయిలుకీ తిరిగాడు. తప్పు తనదే అన్నట్టు ఫీజు మాటే ఎత్తలేదు. కరుణ సుక్కమ్మని తీసుకుని వెళ్లేసరికి రెండు వారాలు దాటింది. మూత్రపిండాలు చెడ్డాయన్నారు. ఒంట్లో సత్తువంతా ఒంటేలుతో పోతోందనీ, పైన కనపడేదంతా నీరేననీ అన్నారు. మందులిచ్చి, డయాలసిస్ మిషన్ మీద పెట్టి, ఆ నీరు తీసేశారు.

వార్డులో సుక్కమ్మ ముందు నడిచింది. ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి మొహం చూస్తూ పోయింది. కిటికీ పక్క మంచం కూడా చూసింది, దాటిపోయింది. చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఈడ లేడు, వేరే గదిల ఉన్నట్టున్నడు అంది.

"సుక్కా," అన్నారు కిటికీ పక్కనుంచి.

ఆ మంచం మీద ఉన్న మనిషికి కణతలు గుంటలు పడ్డాయి. చొక్కా లేదు. పక్కటెముకలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. వేలితో వెతకాల్సిన పనే లేదు. మొన్న బిగుసుకున్న తోలు ఇప్పుడు పొట్ట మీద ఖాళీ సంచిలా మడతలు పడి ఉంది. మంచం కోడుకి గొలుసు ఉంది గానీ దాని చివర బేడీ నేల మీద పడి ఉంది. కాపలా కానిస్టేబులు కాస్త సిగ్గుపడుతూ, ముందు రోజుల్లో కాలికి పట్టలేదు, ఇప్పుడు ఏస్తే జారిపోతాంది అని తనంతట తనే చెప్పాడు. మంచం పట్టీ మీద సుద్దతో బరువు రాసి ఉంది. నలభై ఏడు.

కరుణ ఆ అంకె చదివింది. తాను లావు ఎక్కువున్నవాళ్ల కింద వేసిన మనిషి. నవ్వి, జైలు కూడు పట్టిందన్న మనిషి. ఆ రోజు కూడా ఆ నీళ్ల లోపల ఉన్నది ఈయనే. ఇంతే ఉన్నాడు.

సుక్కమ్మ మంచం దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందేమోనని కరుణ ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె ఏడవలేదు. భర్త చేయి తీసుకుని మోచేతి దగ్గర తన వేళ్లతో చుట్టూ పట్టి చూసింది. వేళ్లు కలిసి ఇంకా మిగిలాయి. చేయి కింద పెట్టి, దుప్పటి మెడదాకా కప్పింది.

"నేను గూడ చూసిన," అంది, ఎవరి వైపూ చూడకుండా. "బలిసిండని రోడ్డు మీద మొత్తుకున్న."

బెయిలు దొరికింది. ఈసారి పీపీ సారు లేచి అడ్డం చెప్పలేదట. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తేవాలి, ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు. గొలుసు చుట్టుకుని కానిస్టేబులు వెళ్లిపోయాడు. ఇమ్మానుయేలు సెలవు పెట్టుకుని వచ్చి, జానయ్య జైల్లో వదిలిన పూల చొక్కా ఒక సంచిలో పెట్టి ఇచ్చాడు. శ్యామ్ ఫోను చేసి, రిపోర్టులో వాపు సంగతి విడిగా రాశానని, ఇక మీదట ఏ జైలుకెళ్లినా ముందు కాళ్లు చూశాకే మిషన్ తీద్దామని అన్నాడు. కరుణ ఊఁ అంది.

ఆసుపత్రి గేటు దాకా జానయ్యని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. కుర్చీ గేటు దాటకూడదట. ఆటో బయట, ఎండలో, ఇరవై అడుగుల దూరంలో ఆగి ఉంది. ఆటో డ్రైవరు దిగబోతే సుక్కమ్మ వద్దని చెయ్యి చూపించింది. ఆ రోజు పొయ్యి ఆర్పినప్పటినుంచి కరుణతో తానుగా మాట్లాడని మనిషి, ఇప్పుడు ఆమె వైపు తిరిగింది.

"ఎత్తు."

కరుణ వంగింది. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద పెట్టింది. బరువు ఎత్తబోతున్నానని నడుం బిగించి, ఊపిరి పట్టి లేచింది. అంత బలం అక్కర్లేకపోయింది. ఆ విసురుకి తానే వెనక్కి తూలి నిలదొక్కుకుంది. మనిషి చేతుల్లోకి వచ్చేశాడు, ఆరవేసిన దుప్పటిని తీగ మీంచి తీసినట్టు.

ఆటో దాకా నడిచింది. సుక్కమ్మ ముందుగా ఎక్కింది. ఎక్కి, తెచ్చిన బొంతను సీటు మీద పరిచింది. ఒక అంచు పైకి వచ్చిందని తీసి మళ్లీ పరిచింది. ముడత లేకుండా అరచేత్తో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నిదానంగా రాసింది. దిండు పెట్టింది, తీసింది, దులిపి పెట్టింది. కరుణ జానయ్యని పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. డ్రైవరు చూస్తున్నాడు. గేటు దగ్గర జనం చూస్తున్నారు. సుక్కమ్మ తొందరపడలేదు. తనని ఎందుకు నిలబెట్టిందో కరుణకి తెలిసింది. కదలకుండా నిలబడింది.

జానయ్య తల ఆమె భుజం మీద ఉంది. చెవి దగ్గర, మోమాటంగా అడిగాడు.

"బరువున్ననా బిడ్డా?"

కరుణ అతన్ని ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంది.

సుక్కమ్మ రెండు చేతులూ చాపింది.

"ఇగ ఇయ్యి," అంది.